మా మేనకోడలి రెండో వేలు

మా ఇంటి ఆడవాళ్లందరికీ కాలి రెండో వేలు బొటనవేలి కంటే పొడుగు. అలా ఉన్నవాళ్లు మొగుడి మీద పెత్తనం చేస్తారని మా అమ్మమ్మ ఢంకా బజాయించి చెప్పేది. నాన్న గానీ బావ గానీ ఈ శాస్త్రాన్ని ఇంతవరకు ఖండించలేదు. ఇప్పుడు మా మేనకోడలు బుజ్జి వంతు. దానికి పన్నెండేళ్లు. తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్ చేసినప్పుడల్లా "ఏదీ, ఆ కాలు చూపించవే" అంటుంది. బుజ్జి కెమెరా ముందు కాలు ఊపుతుంది. అమ్మ నవ్వుతుంది. బావ పక్క గదిలోకి వెళ్లిపోతాడు.

ఈ వేసవిలో ఆ రెండో వేలి గోరు నల్లబడింది. చేసింది నేనే. ఈ వారం కాలమ్ ఆ గోరు గురించి.

నేను లండన్ వచ్చి మూడేళ్లయింది. అక్కావాళ్లు హ్యారోలో ఉంటారు, నేను రెండు స్టేషన్ల అవతల. అక్కకి శనివారం కూడా డ్యూటీ ఉంటుంది, బావకి ఆ రోజు నిద్ర ఉంటుంది. కాబట్టి బుజ్జిని బ్యాలే క్లాసుకి తీసుకెళ్లి తీసుకురావడం నా పని. గంటన్నర బయట కూర్చుని లాప్‌టాప్ తెరిచి పని చేస్తున్నట్టు నటిస్తాను. గాజు తలుపులోంచి పిల్లలు కనిపిస్తుంటారు.

అక్క చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకుంది. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తరంగం చేసేది. పళ్లెం, గజ్జెలు, చీర అన్నీ కొనాలి గానీ కాలికి కొనాల్సిందేమీ లేదు. ఉత్త కాలే. అందుకే కాలి ఆకారం ఒక సమస్య అవుతుందని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఉన్న శాస్త్రమల్లా ఆ పెత్తనం శాస్త్రమే.

ఆరేళ్లప్పటి నుంచి బుజ్జి మెత్తటి చెప్పుల్లాంటి షూస్‌తోనే నేర్చుకుంటోంది. ఏప్రిల్‌లో టీచర్ క్లాసులో ముగ్గుర్ని పిలిచి, వీళ్లు పాయింట్ షూస్ మొదలుపెట్టొచ్చు అంది. పాయింట్ అంటే మీకు తెలిసే ఉంటుంది, బ్యాలేరినాలు వేళ్ల కొసల మీద నిటారుగా నిలబడతారే, అదన్నమాట. అడగ్గానే ఇచ్చేది కాదు. కాలి ఎముకలు ఇంకా ఎదిగే వయసు కాబట్టి మంచి టీచర్లు మామూలుగా పదకొండు, పన్నెండు దాటేదాకా ఒప్పుకోరు. వయసొక్కటే వచ్చినా చాలదు. చీలమండలో, అరికాలి కండరాల్లో బలం రావాలి, మునివేళ్ల మీద ఒంటికాలిపై వణక్కుండా నిలబడాలి. అలాంటి పరీక్షలన్నీ పెట్టి ముగ్గురే చాలన్నారు. ఆ రోజు బుజ్జి ట్రైన్లో కూర్చోలేదు. సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చింది.

ఆ సాయంత్రమే టీచర్ నాకు ఒక మెసేజ్ పంపింది. ఫోన్ నోటిఫికేషన్‌లో కనిపించే మొదటి లైను మాత్రం చదివాను: పాయింట్ షూస్ కొనండి అని. కింద ఇంకో మూడు విషయాలున్నాయని తర్వాత తెలిసింది. షాపుకి వెళ్లి ఫిట్టర్ దగ్గరే కొనమని, ఆన్‌లైన్‌లో వద్దని, తనకి చూపించేదాకా రిబ్బన్లు కుట్టొద్దని. ఆ మూడింట్లో ఒక్కటి కూడా నేను వదల్లేదు, మూడూ తప్పాను.

షాపుకి ఫోన్ చేస్తే అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాత ఉందన్నారు. చెప్పులు కొనడానికి అపాయింట్‌మెంట్ ఏమిటి? ఒక సైట్‌లో డిస్కౌంట్‌లో 38 పౌండ్లకి ఉన్నాయి. షాపులో అయితే అరవై, డెబ్భై ఈజీగా అవుతాయి. సైజ్ చార్ట్ కూడా ఉంది. సైజ్ చార్ట్ ఉన్నాక మనిషితో పనేంటి అనుకునే జాతి మాది. బుజ్జిని గోడకి మడమ ఆనించి ఏ4 పేపర్ మీద నిలబెట్టి, పెన్సిల్‌తో గీసి, స్కేలు పెట్టి కొలిచాను. మిల్లీమీటర్లలో కొలిచానండీ, గర్వంగా.

తర్వాత చేసిన తెలివైన పనులు వినండి. ఎదిగే పిల్ల కదా అని అర సైజు పెంచాను. మన ఇళ్లలో జూన్‌లో స్కూల్ షూ ఒక సైజు పెద్దది కొని ముందు దూది కుక్కేవాళ్లు కదా, ఆ సంప్రదాయం. వెడల్పులో నాలుగు రకాలు కనిపిస్తే, వేళ్లకి హాయిగా ఉంటుందని బాగా వెడల్పుది నొక్కాను. రివ్యూల్లో ఎవరో 'చాలా గట్టిగా, దృఢంగా ఉన్నాయి' అని రాస్తే, మొదటిసారి కదా దృఢంగా ఉంటేనే మంచిదనుకున్నాను. ఒకే ఆర్డర్‌లో మూడు తప్పులు, ఫ్రీ డెలివరీ.

బాక్స్ వచ్చిన రోజు ఇంట్లో పండగ. లేత గులాబీ సాటిన్, లోపల తెల్ల గుడ్డ, ముక్కు దగ్గర చెక్కలా గట్టిగా. ఈ షూస్‌కి రిబ్బన్లు కుట్టి రావు, విడిగా కొని మనమే కుట్టుకోవాలి. అక్క డ్యూటీ నుంచి వచ్చి, అన్నం తిని, రాత్రి పన్నెండున్నర దాకా కూర్చుని కుట్టింది. బుజ్జి పక్కనే నిద్రపోకుండా కూర్చుంది. రిబ్బన్ కుట్టాక వెనక్కి తీసుకోరని ఆ సైట్‌లో రాసే ఉంది. అది కూడా మొదటి లైను తర్వాతే.

శనివారం క్లాసుకి తీసుకెళ్లాం. టీచర్ వాటిని బుజ్జి కాలికి తొడిగి, బార్ పట్టుకుని నెమ్మదిగా పైకి లేవమంది. ఐదు సెకన్లు కూడా చూడలేదు. దిగమంది. మడమ దగ్గర గుడ్డ పట్టుకుంటే గుప్పెడు వచ్చింది. షూ విప్పి, సాక్స్ విప్పి చూసింది. రెండో వేలి గోరు కింద రక్తం కట్టి నల్లగా ఉంది.

ఐదు సెకన్లలో అంత నల్లబడదు. బుజ్జి ఐదు రాత్రులు అందరం పడుకున్నాక బీరువా పట్టుకుని ప్రాక్టీస్ చేసిందట. నొప్పి పుట్టినా చెప్పలేదు. చెబితే వద్దంటారని, ఇంకా వయసు రాలేదంటారని.

వచ్చేటప్పుడు ట్రైన్లో కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాళ్లిద్దరికీ సరిపోయాయి మామా. నా కాలే బాలేదేమో" అంది.

తప్పు నాది రా అన్నాను. నమ్మలేదు. నేను సారీ చెప్పేకొద్దీ నేను తనని ఓదారుస్తున్నాననే అనుకుంది. ఆ వయసులో ఏది బిగుతైనా, ఏది వదులైనా లోపం మన ఒంట్లోనే ఉందనుకుంటాం. నేను కూడా టెన్త్‌లో పీఈటీ సార్ ఇచ్చిన యూనిఫాం పట్టకపోతే ఏడాదంతా రాత్రి అన్నం మానేసినవాణ్ణే. కానీ ఆ మాట అప్పుడు నోటికి రాలేదు.

ఇంటికొచ్చి ఆ రాత్రి ఆ షూని చేతిలో పట్టుకుని కూర్చున్నా. కొనడానికి ముందు చదవాల్సింది కొన్నాక చదివాను. మన పరిశ్రమలో అందరం చేసేదే కదా.

మొదట ఆశ్చర్యపోయింది దేనికంటే, ఆ గట్టి ముక్కులో చెక్క లేదు, ఇనుము లేదు. గోనె గుడ్డ లాంటి ముతక గుడ్డ, కాగితం, జిగురు పొరలు పొరలుగా వేసి అచ్చు మీద ఆరబెడతారు. జిగురంటే పిండీ నీళ్లూ కలిపి చేసే రకమే. సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురుకి దూరపు చుట్టం. ఆ గట్టి భాగాన్ని బాక్స్ అంటారు. దాని కొసన బల్లపరుపుగా, పెద్ద నాణేల్లో ఒకటి పట్టేంత జాగా ఉంటుంది, అది ప్లాట్‌ఫామ్. మనిషి మొత్తం నిలబడేది దాని మీదే. అరికాలి పొడుగునా లోపల ఒక గట్టి పట్టీ ఉంటుంది, అది షాంక్. వేళ్లని పైనుంచి కప్పే భాగం వ్యాంప్. రెండు పక్కలా బాక్స్ కొనసాగి పాదాన్ని పట్టుకునేవి వింగ్స్. పేర్లు ఇవే, ఇంక బాధపెట్టను.

ఇంకో ఆశ్చర్యం: చాలావరకు పాయింట్ షూస్‌లో కుడి, ఎడమ ఉండవు. రెండూ ఒకే అచ్చు. ఏది ఏ కాలికో తొడుక్కునేవాళ్లే తేల్చుకుంటారు.

1832లో పారిస్‌లో మారీ టాగ్లియోని 'లా సిల్ఫీడ్' బ్యాలేలో మునివేళ్ల మీద తేలినట్టు ఆడి ప్రపంచాన్ని మురిపించినప్పుడు ఆమె కాళ్లకి ఉన్నవి ఉత్త మెత్తటి సాటిన్ చెప్పులే. కొసన, పక్కల దారంతో రఫ్ఫు చేసి కాస్త గట్టిపరిచేవారంతే. బలమంతా కాలిదే. తర్వాత 19వ శతాబ్దం చివరికి ఇటలీ డాన్సర్లు గట్టి ముక్కున్న షూస్‌తో వచ్చారు. వాళ్లలో పియెరీనా లెన్యాని 1895లో రష్యాలో 'స్వాన్ లేక్'లో ఒంటికాలి మీద ఆగకుండా 32 సార్లు గిర్రున తిరిగింది. ఈ రోజుకీ ఆ 32 లెక్కపెట్టే ప్రేక్షకులున్నారు. తర్వాత వచ్చిన అన్నా పావ్లోవాది బాగా వంపు తిరిగిన సన్నటి పాదం. ఉన్న షూస్ ఆమె కాలికి చాలక, అడుగున గట్టి తోలు వేయించి, ముక్కు గట్టి చేయించుకునేదంటారు. అంటే సరిపోని షూతో గొడవ ఆ స్థాయి మనిషికీ తప్పలేదు. ఇది చదివినప్పుడు బుజ్జిని లేపి చెబుదామనుకున్నా. రాత్రి రెండైంది, ఆగాను.

ఈ ఊళ్లోనే 1929లో మొదలైన ఫ్రీడ్ అనే పేరున్న కంపెనీలో షూస్ ఇప్పటికీ చేత్తోనే చేస్తారు. ఒక్కో పనివాడికి ఒక్కో గుర్తు ఉంటుంది: చేప, కిరీటం, లంగరు, ఇలా. షూ అడుగున ఆ ముద్ర వేస్తారు. పెద్ద డాన్సర్లు ఫలానా గుర్తు మనిషి చేసినవే కావాలని ఏళ్ల తరబడి పట్టుబడతారు. ఆ మనిషి మొహం వాళ్లు చూసి ఉండకపోవచ్చు, ఆయన వీళ్ల పాదం చూసి ఉండకపోవచ్చు. ఆయన రిటైరైతే మాత్రం వీళ్లకి దిక్కుతోచదు. మా టైలర్ షాపు మూసేసినప్పుడు నాన్న ఆర్నెల్లు కొత్త ప్యాంటు కుట్టించుకోలేదు, నాకదే గుర్తొచ్చింది.

మూడు వారాలు ఆగి, గోరు నలుపు మిగిలి నొప్పి పూర్తిగా పోయాక, షాపుకి వెళ్లాం. నేను, బుజ్జి, సంచీలో పాత జత.

ఫిట్టర్ అరవై దాటిన ఆవిడ. మెడలో టేపు వేలాడుతోంది గానీ గంటసేపట్లో ఒక్కసారి కూడా దాన్ని తియ్యలేదు. బుజ్జిని ఉత్త కాళ్లతో నిలబడమని, తను నేల మీద కూర్చుంది. కాసేపు చూసింది. తర్వాత రెండు చేతుల్తో పాదాన్ని పక్కల నుంచి నొక్కింది, మామిడిపండు పండిందా లేదా చూసినట్టు. కొందరి పాదం నొక్కితే మడిచినట్టు సన్నబడుతుంది, కొందరిది అసలు కదలదు. నిలబడ్డప్పుడు ఇద్దరిదీ ఒకే కొలత రావచ్చు, షూలోకి వెళ్లాక ఇద్దరి కథ వేరు. నా ఏ4 పేపర్ మీద ఈ సంగతి ఎక్కడా లేదు.

వేళ్లు చూసి, "గ్రీక్ ఫుట్" అంది. బుజ్జి కళ్లు పైకెత్తింది. రెండో వేలు పొడుగ్గా ఉంటే గ్రీక్, బొటనవేలే అన్నిటికంటే పొడుగై మిగతావి వాలుగా దిగితే ఈజిప్షియన్, మొదటి మూడు దాదాపు సమానంగా ఉంటే 'జిజెల్' అంటారట, ఆ పేరున్న బ్యాలే మీద. ఎక్కువ తక్కువలేం లేవు, ఒక్కోదానికి ఒక్కో ఆకారం బాక్స్. మూడు వేళ్లు సమానంగా ఉన్నవాళ్లకి చదరంగా ఉండే బాక్స్ బాగుంటుంది, బరువు మూడు వేళ్లూ పంచుకుంటాయి. కొస సన్నబడే పాదానికి ముందుకి కాస్త సన్నబడే బాక్స్ కావాలి. మా బుజ్జిది సన్నటి, మెత్తటి, పైన ఎత్తు తక్కువున్న పాదం. రెండో వేలు పొడుగు. నేను కొన్నది అచ్చంగా దానికి వ్యతిరేకమైన పాదానికి.

ఆవిడ గోరు చూసి ఏమైందని అడిగింది. బుజ్జి నా వైపు చూసింది. నేను పాత జత తీసి చేతికిచ్చి చెప్పేశాను, మెసేజ్ మొదటి లైనుతో సహా. ఆవిడ తిట్టలేదు. పాత షూ బుజ్జికి తొడిగి, నేల మీద కాలు పెట్టించి, పక్కన ఖాళీలోకి తన వేలు దూర్చి నాకు చూపించింది. వేలు సులువుగా వెళ్లింది. అప్పుడు చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది: పాయింట్ మీద నిలబడేది వేళ్ల కొసల మీద కాదు. చుట్టూ బిగుతుగా ఉన్న బాక్స్, వింగ్స్ పాదాన్ని పక్కల నుంచి పట్టి మోస్తాయి. గరాటులో ఉల్లిపాయ పెడితే మధ్యలోనే ఆగుతుంది చూడండి, అలా. ఉల్లిపాయ మాట నాది, ఆవిడ ఐస్‌క్రీమ్ కోన్ అంది. గరాటు పెద్దదైతే ఉల్లిపాయ అడుగుకి జారిపోతుంది. బుజ్జి పాదం అలాగే జారింది. ముందు నేలకి తగిలేది పొడుగు వేలే కాబట్టి ఒంటి బరువంతా ఆ ఒక్క వేలి మీదే పడింది. వేళ్లకి హాయిగా ఉండాలని కొన్న వెడల్పే గోరుని చంపింది.

ఆవిడ లోపలికెళ్లి ఆరేడు డబ్బాలు తెచ్చింది. ఒక్కో బ్రాండ్‌కి ఒక్కో లెక్క. వెడల్పుకి కొందరు ఎక్స్, డబుల్ ఎక్స్ అంటారు, కొందరు బి, సి, డి అంటారు. సైజు నంబరు చాలాచోట్ల మామూలు షూ నంబరు కంటే చిన్నదే. వాటికి సాటిన్ మాసిపోకుండా ముక్కుకి తొడుగేసి వేసి చూపించింది.

మొదటిది బాక్స్ సరిపోయింది, వ్యాంప్ పొట్టి. పైకి లేవగానే వేళ్ల మొదళ్లు బయటికి ఉబికాయి. పొడుగు వేళ్లకి వ్యాంప్ కూడా పొడుగుండాలట, లేకపోతే పాదం ముందుకి తన్నుకొస్తుంది. రెండోదానికి అన్నీ బాగున్నాయి గానీ షాంక్ మరీ గట్టి. బుజ్జి ఎంత ప్రయత్నించినా ప్లాట్‌ఫామ్ మీదికి పూర్తిగా ఎక్కలేకపోయింది, వెనక అంచు మీదే ఆగిపోయి మోకాళ్లు వంచేసింది. దృఢంగా ఉంటే మంచిదనుకున్న నా రివ్యూ బుద్ధి ఇక్కడ బయటపడింది. మొదటిసారి తొడిగే పిల్ల కాలు ఆ పట్టీని వంచగలగాలి. మూడోది మెత్తన. ఎంతో సులువుగా ఎక్కింది, బుజ్జి మొహం వెలిగింది, ఇదే అంది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. పాదం ప్లాట్‌ఫామ్ దాటి ముందుకి వాలిపోతోంది, చీలమండకి ప్రమాదం. హాయిగా ఉన్నది సరైనది కాకపోవడం ఒక్క రోజులో రెండోసారి చూశాను. నాలుగోది అర సైజు చిన్నది, నేల మీద నిలబడగానే వేళ్లు ముడుచుకున్నాయి.

ప్రతి జతకీ ఒకటే తంతు. ముందు నేల మీద మామూలుగా నిలబడాలి. వేళ్లు పూర్తిగా చాపుకుని ఉండాలి, కొసకి తగలాలి, వంగకూడదు. తర్వాత మోకాళ్లు కొద్దిగా వంచాలి. పాదం అప్పుడే బాగా పొడుగవుతుంది, అప్పుడు కూడా నలగకూడదు. ఆఖర్న బార్ పట్టుకుని ఒక కాలు మాత్రం పైకి లేపాలి. పైన ఉన్నప్పుడు పాదం కాస్త పొట్టి అవుతుంది కాబట్టి మడమ దగ్గర రెండు వేళ్లతో గిల్లేంత గుడ్డ రావాలి. గుప్పెడొస్తే పెద్దది, అసలు రాకపోతే చిన్నది. ఎదుగుతుందని పెద్దది కొనడం ఇక్కడ కుదరదు. ఎదిగితే మళ్లీ రావాలి, అంతే. రెండు పాదాలకీ చూడాలి. బుజ్జి కుడి పాదం ఎడమదాని కంటే కొంచెం పెద్దదని పన్నెండేళ్ల తర్వాత మాకు ఆ రోజు తెలిసింది.

మెత్త ఎంత వేయాలన్నదీ అక్కడే తేలాలి. వేళ్ల మీద తొడుక్కునే జెల్ ప్యాడ్లు, ఉన్ని ఉంటాయి. నేను మందపాటిది చేతిలోకి తీసుకున్నా. ఆవిడ నా చేతిలోంచి తీసి పక్కన పెట్టింది. మందంగా కుక్కితే తప్పు షూ కూడా సరిపోయినట్టే అనిపిస్తుందట, పైగా నేల తెలియదు. మన దూది టెక్నిక్ అక్కడ చెల్లలేదు. పల్చటిది ఇచ్చింది. బొటనవేలికి మాత్రం చిన్న జెల్ టోపీ లాంటిది తొడిగింది, రెండో వేలితో సమానం అయ్యేలా.

ఆరో జతకి బుజ్జి పైకి లేచి అలాగే ఉండిపోయింది. ఆవిడ చుట్టూ తిరిగి చూసింది, మడమ గిల్లింది, పక్కన వేలు దూర్చబోతే వెళ్లలేదు. "నొప్పి ఎక్కడ?" అని అడిగింది. నొప్పి ఉందా అని కాదు, ఎక్కడ అని.

బుజ్జి కాసేపు ఆలోచించింది. "అన్ని చోట్లా కొంచెం కొంచెం" అంది. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో, "వేలు మీద లేదు మామా."

64 పౌండ్లు. పాతవాటి 38 కలిపితే మొత్తం లెక్క మీరే వేసుకోండి. అక్కకి నేను ఇప్పటిదాకా కలిపి చెప్పలేదు, ఇక్కడ చదువుకుంటుంది.

రంగు సంగతి ఒకటుంది. ఈ గులాబీ సాటిన్ ఒకప్పటి తెల్ల డాన్సర్ల ఒంటి రంగుకి దగ్గరగా ఎంచుకున్నది, కాలూ షూ ఒకే గీతలా కనిపించాలని. మరి చామనఛాయ కాలుకి? చాలా ఏళ్లు నల్లజాతి డాన్సర్లు ప్రతి జతకీ తమ ఫౌండేషన్ క్రీమ్ పూసుకుని రంగు మార్చుకునేవారు. 2018లో లండన్‌లోని బ్యాలే బ్లాక్ అనే బృందం, ఫ్రీడ్ కలిసి గోధుమ, కంచు రంగుల్లో పాయింట్ షూస్ తెచ్చాయి. షాపులో ఒక అరలో అలాంటివి ఉన్నాయి. బుజ్జి వాటిని చేత్తో తడిమింది. స్కూల్లో గులాబీనే అడుగుతారు కాబట్టి ఈసారికి గులాబీ. అరంగేట్రానికి... అంటే వీళ్ల భాషలో షోకి, అవే కావాలని ఇప్పుడే చెప్పి పెట్టింది.

ఈ జత కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. చెమటకి, వేడికి జిగురు మెత్తబడుతుంది. పెద్ద కంపెనీల్లో ముఖ్య పాత్ర చేసేవాళ్లకి ఒక్కో జత ఒక్క ప్రదర్శనతో అయిపోవచ్చు. వారానికి పావుగంట వేసే పిల్లకి నెలలు వస్తుంది. ముక్కు మెత్తబడ్డా, షాంక్ వంగి లేవకపోయినా ఇంక వేయకూడదు. క్లాసు అయ్యాక ప్యాడ్లు తీసి గాలికి ఆరబెట్టాలట, హీటర్ మీద పెట్టకూడదట. బ్యాగులో కుక్కితే తడి అలాగే ఉండి త్వరగా చచ్చిపోతుంది. వాళ్లు నిజంగానే చచ్చిపోయిన షూ అంటారు.

ఆ సాయంత్రం అమ్మ కాల్ చేసింది. బుజ్జి కాలు చూపించి, "అమ్మమ్మా, దీన్ని గ్రీక్ ఫుట్ అంటారు తెలుసా" అంది. అమ్మ కళ్లజోడు సవరించుకుని ఫోన్‌కి దగ్గరగా వచ్చింది. "గ్రీకో గీకో, మెట్టె మాత్రం ఆ వేలికే పెట్టాలి" అంది. తర్వాత గోరు చూసి, "అదేంటే నల్లగా?" అని అడిగింది. బుజ్జి ఫోన్ నా చేతిలో పెట్టేసి వెళ్లిపోయింది. ఇరవై నిమిషాలు పట్టింది నాకు.

శనివారం కొత్త జతని టీచర్ తిప్పి తిప్పి చూసి, తొడిగించి, ఊఁ అంది. ఇప్పుడు కుట్టుకోవచ్చంది.

అక్క పాత షూస్ రిబ్బన్లు జాగ్రత్తగా కుట్లు విప్పి తీసి, ఇస్త్రీ చేసి, సూదీ దారంతో పాటు నా ముందు పెట్టింది. "ఒరేయ్, ఈసారి నువ్వు కుట్టు." సూది పట్టుకోవడం నాకు రాదన్నాను. యూట్యూబ్ ఉంది కదా, చూసి కొలిచి కుట్టు, నీకు కొలవడం బాగా వచ్చు అంది.

రెండూ ఒకేలా ఉన్నాయి, ఎడమేదో కుడేదో తెలియడం లేదు. బుజ్జిని పిలిచి రెండూ తొడిగించి, ఏది ఏ కాలికి బాగుందో అడిగి, లోపల పెన్సిల్‌తో 'ఎ', 'కు' అని రాశాను. మడమని లోపలికి మడిచి, మడత పడ్డ మూల దగ్గర రిబ్బన్ పెట్టి, పైన దారం తెగకుండా అంచు నాడాని వదిలేసి కుట్టాలి. ఆ నాడాలోంచి ఒక్క కుట్టు వెళ్లినా అది బిగించడం కుదరదు. వేలికి నాలుగుసార్లు గుచ్చుకుంది. 'కు' అయిపోయింది. 'ఎ' సగంలో ఉండగా బుజ్జి వచ్చి వంగి చూసింది.

"మామా, మెరిసే వైపు లోపలికి కుట్టావ్."

ఇదిగో, విప్పుతున్నా.